క్యామే ఎవరి బాధ్యత? ఒక సబ్బు, మూడు పేజీల మెమో

కొత్తగా బ్రాండ్ టీమ్‌లో చేరినవాళ్ళ చేత మొదటి వారంలోనే నేనొక పాత ఆఫీసు మెమో చదివిస్తాను. 1931 మే 13 తేదీ వేసి, మూడు పేజీలు టైపు చేసిన కాగితం. రాసింది నీల్ మెకెల్‌రాయ్. అప్పటికి అతనికి 26 ఏళ్ళు. అమెరికాలో సిన్సినాటి కేంద్రంగా ఉన్న ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో క్యామే అనే ఒంటి సబ్బు ప్రకటనల పని చూసేవాడు. తన కింద ఇంకొందరు మనుషులు కావాలని అడుగుతూ రాసిన కాగితం అది. పైగా ఆ కంపెనీలో పైవాళ్ళకి ఏం రాసినా ఒక్క పేజీలో ముగించాలన్నది అలవాటు. ఇతను మూడు రాశాడు.

చదివినవాళ్ళలో చాలామంది పెదవి విరుస్తారు. "ఇందులో కొత్తేముంది సార్, ఇదంతా మేం రోజూ చేసే ఉద్యోగమే కదా" అంటారు. అదే కదా సంగతి. ఆ కాగితానికి ముందు ఆ ఉద్యోగం లేదు.

ఆ మెమో నా చేతికి వచ్చేసరికి నేనొక దెబ్బ తిని ఉన్నాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక కంపెనీ నాకప్పగించింది రెండో బ్రాండు, గిన్నెలు తోమే లిక్విడ్. అదే రకంలో పెద్ద బ్రాండొకటి అప్పటికే కంపెనీని పోషిస్తోంది. రెంటికీ ప్రకటనల ఏజెన్సీ ఒకటే, సేల్స్ టీమ్ ఒకటే, ఫ్యాక్టరీ లైను కూడా ఒకటే. నెలాఖరులో టార్గెట్ టెన్షన్ మొదలైతే సేల్స్‌వాళ్ళు సులువుగా కదిలే పెద్ద బ్రాండునే దుకాణాల్లోకి తోసేవాళ్ళు. నా ప్రకటన స్క్రిప్టు పైకి వెళ్ళి తిరిగొచ్చేసరికి పదునున్న మాటలన్నీ కొట్టేసి ఉండేవి, పెద్ద బ్రాండుకి ఎక్కడ మచ్చ పడుతుందోనని. ఏడాది తిరిగాక సరుకెందుకు కదల్లేదని అడిగితే ఫ్యాక్టరీవాళ్ళు సేల్స్‌ని, సేల్స్‌వాళ్ళు ఏజెన్సీని, ఏజెన్సీవాళ్ళు నన్ను చూపించారు. నేను ధరని చూపించాను. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారే, అలా అన్నమాట.

క్యామే కూడా సరిగ్గా అలాంటి గొర్రె. అందుకే ఈ కేసు.

పేరు మోసిన అన్న

క్యామే కష్టం తెలియాలంటే ముందు అదే కంపెనీ పాత సబ్బు ఐవరీ గురించి తెలియాలి.

విలియం ప్రాక్టర్ ఇంగ్లండ్ నుంచి వచ్చి కొవ్వొత్తులు చేసుకునేవాడు. జేమ్స్ గ్యాంబుల్ ఐర్లండ్ నుంచి వచ్చి సబ్బులు చేసేవాడు. సిన్సినాటిలో అక్కచెల్లెళ్ళని పెళ్ళాడి తోడల్లుళ్ళయ్యారు. ఇద్దరికీ కావలసింది ఒకటే ముడిసరుకు, పశువుల కొవ్వు. విడివిడిగా ఎందుకు, కలిసి వ్యాపారం చేసుకోండని మామగారు చెబితే 1837లో కంపెనీ పెట్టారు. నలభై ఏళ్ళు దాటాక, 1879లో తెల్లటి సబ్బు ఒకటి తెచ్చారు. ప్రాక్టర్ కొడుకు హార్లీ చర్చిలో విన్న కీర్తనలో దంతపు నగరుల ప్రస్తావన వస్తే, అక్కడి నుంచి ఐవరీ అన్న పేరు తీసుకున్నాడు.

ఆ కాలంలో సబ్బంటే దుకాణదారు పెద్ద దిమ్మలోంచి కోసి తూచి ఇచ్చే వస్తువు. కొనేవాళ్ళ నమ్మకం దుకాణదారు మీద ఉండేది, ఎవరు తయారుచేశారన్నది ఎవరికీ పట్టదు. ఆ నమ్మకాన్ని దుకాణదారు చేతిలోంచి తన చేతిలోకి తెచ్చుకోవడమే హార్లీ చేసిన పని. సబ్బుని కెమిస్టు చేత పరీక్ష చేయించాడు. సబ్బు కానిదేముందో లెక్క తేలింది: కలవకుండా మిగిలిన క్షారం 0.11 శాతం, కార్బొనేట్లు 0.28, ఖనిజ పదార్థం 0.17. మొత్తం 0.56. మిగిలిన 99.44 శాతం శుద్ధమని ప్రకటనల్లోకి ఎక్కించాడు. నూటికి నూరుపాళ్ళు శుద్ధమని రాసుంటే అది అందరూ అనే మాటే అయ్యేది. ఆ చిల్లర అంకె చూస్తేనే ఎవరో కూర్చుని నిజంగా కొలిచారనిపిస్తుంది. దేశమంతటా ప్రకటనలివ్వడానికి 1882లో కంపెనీ అతనికి 11,000 డాలర్లు మంజూరు చేసింది.

ఐవరీ నీళ్ళలో తేలుతుంది. పనివాడొకడు భోజనానికి వెళ్తూ కలిపే మిషన్ ఆపడం మరిచిపోయాడని, గాలి ఎక్కువై సబ్బు తేలిందని ఒక కథ వందేళ్ళు చెలామణి అయింది. తర్వాత కంపెనీ పాత కాగితాల్లో గ్యాంబుల్ కొడుకు జేమ్స్ నోట్‌బుక్ దొరికింది. తేలే సబ్బుని తాను తయారుచేసినట్టు అతను 1863లోనే రాసుకున్నాడు. యాక్సిడెంట్ కథ నోరూరిస్తుంది కాబట్టి అదే నిలబడింది. నా వృత్తిలో ఇలాంటివి రోజూ చూస్తుంటాను, ల్యాబ్‌లో పడ్డ శ్రమని ఎవరూ ఫోటో తీసి పెట్టుకోరు.

1920 ప్రాంతంలో కంపెనీ ఇంకో పెద్ద మార్పు చేసింది. హోల్‌సేల్ వ్యాపారులు ధర తక్కువున్నప్పుడు గుట్టలుగా కొని, తర్వాత నెలల తరబడి కొనేవాళ్ళు కాదు. ఇళ్ళలో సబ్బు వాడకం ఏడాదంతా ఒకేలా ఉన్నా ఫ్యాక్టరీ మాత్రం ఓ నెల పొగలు కక్కి ఓ నెల పడుకునేది. అందుకే సొంత సేల్స్ టీమ్ పెట్టుకుని నేరుగా రిటైల్ దుకాణాలకే అమ్మడం మొదలుపెట్టారు. దాని వెనకున్న మనిషి రిచర్డ్ డూప్రీ, అప్పటి సేల్స్ హెడ్. 1930లో కంపెనీ ప్రెసిడెంట్ అయ్యాడు, వ్యవస్థాపక కుటుంబాలకి బయటి నుంచి ఆ కుర్చీలోకి వచ్చిన మొదటివాడు. మెకెల్‌రాయ్ మెమో చివరికి ఇతని ముందుకే వెళ్ళింది.

మరో మనిషి పాల్ స్మెల్సర్, అర్థశాస్త్రంలో డాక్టరేట్. ఐవరీ ముఖం, చేతులు కడుక్కోవడానికి ఎంత శాతం వాడుతున్నారు, గిన్నెలకి ఎంత వాడుతున్నారని పైవాళ్ళని అడిగాడట. ఒక్కరికీ తెలియదు. 1924లో అతని ఆధ్వర్యంలో మార్కెట్ రీసెర్చ్ విభాగం మొదలైంది. చదువుకున్న అమ్మాయిల్ని ఇంటింటికీ పంపేవాడు. చేతిలో కాగితం, పెన్ను ఉండకూడదు. కాగితం చూస్తే ఎదుటివాళ్ళు పరీక్ష రాస్తున్నట్టు జవాబిస్తారు కాబట్టి, మాట్లాడి అంతా గుర్తుపెట్టుకుని, బయటికొచ్చాక రాసుకోవాలి. ఇప్పుడు మా దగ్గర ట్యాబ్‌లో ఇరవై ప్రశ్నలు టిక్కు పెట్టించే పద్ధతుంది. దానికంటే ఆ పద్ధతే మెరుగని నా గట్టి నమ్మకం.

క్యామే పుట్టాక

1926లో క్యామే వచ్చింది. సువాసన ఉన్న సబ్బు, అందంగా కనబడాలనుకునే ఆడవాళ్ళ కోసం. ఆ రంగంలో పామోలివ్ ఉంది, లీవర్ బ్రదర్స్ వాళ్ళ లక్స్ ఉంది. ఇద్దరూ బలంగా ఉన్నారు. ఐవరీకి సువాసన లేదు, ఇంటిల్లిపాదీ అన్నిటికీ వాడుకునే సబ్బది. వినడానికి క్యామేకీ ఐవరీకీ పోలికే లేదు. అయినా క్యామే ఈసురోమంటూ నడిచింది.

కారణం కంపెనీ లోపలే ఉంది. ఐవరీ పద్ధతిలో ఆలోచించడానికి అలవాటుపడ్డవాళ్ళే క్యామే గురించీ ఆలోచించేవాళ్ళు. ఐవరీ ఇమేజ్‌కి దెబ్బ తగలకుండా క్యామే గురించి ఏం చెప్పాలన్నదే చర్చ. చర్మం గురించి గట్టిగా ఒక మాటంటే, మరి ఐవరీ చర్మానికి మంచిది కాదా అన్న ప్రశ్న వస్తుంది. కాబట్టి అనరు. ప్రకటనల విభాగంలో పని బ్రాండ్ల వారీగా కాకుండా పనుల వారీగా పంచి ఉండేది. ప్రకటన మాటలు ఒకరు, దుకాణాల్లో పెట్టే బోర్డులు ఒకరు, కూపన్లు ఒకరు. ప్రతివాడి బల్ల మీదా ఐవరీ ఫైలు పైన ఉంటుంది, క్యామే ఫైలు దాని కింద.

క్యామేకి వేరే ఏజెన్సీని పెట్టాక కొంత ఊపిరొచ్చింది. అది చూశాకే మెకెల్‌రాయ్‌కి విషయం అర్థమై ఉంటుందని నా ఊహ. బయట ఏజెన్సీని వేరు చేస్తే ఇంత తేడా ఉంటే, లోపల మనుషుల్ని కూడా వేరు చేస్తే?

ఆ మూడు పేజీల్లో ఏముంది

మెమోలో మెకెల్‌రాయ్ "బ్రాండ్ మ్యాన్" అని ఒక మనిషిని ఊహించాడు. అతనికి ఒక సహాయకుడు, కింద ఊళ్ళు తిరిగి పరిశీలించి వచ్చేవాళ్ళు కొందరు. ఆ బ్రాండ్ మ్యాన్ ఏం చేయాలో వరసగా రాశాడు. ఆ వరసే నాకు ముఖ్యం.

మొదటి పని: తన బ్రాండు ఏ ప్రాంతానికి ఎన్ని యూనిట్లు వెళ్తోందో షిప్‌మెంట్ లెక్కలు జాగ్రత్తగా చూడాలి. ప్రకటనల విభాగంలో కూర్చుని రాస్తున్న మనిషి ప్రకటనలతో మొదలుపెట్టలేదు, గోడౌన్ లెక్కతో మొదలుపెట్టాడు. అంకె కూడా డబ్బులో కాదు, యూనిట్లలో. ధర పెంచితే అమ్మకాల విలువ పెరిగినట్టే కనబడుతుంది, కొనే ఇళ్ళు మాత్రం తగ్గిపోతుంటాయి. యూనిట్లు చూసేవాడిని అలా మోసం చేయడం కష్టం.

రెండో పని: బాగా నడుస్తున్న చోట ఏం చేస్తే బాగా నడిచిందో విప్పి చూసి, అలాంటి మిగతా ప్రాంతాల్లో అదే వైద్యం చేయాలి. మేమంతా తలకిందులుగా చేసే పని ఇదే. రివ్యూ మీటింగుల్లో సమయమంతా ఎర్ర అంకెల మీదే పోతుంది. పచ్చగా ఉన్న ప్రాంతం వైపు "వెరీ గుడ్" అని ఒక చూపు చూసి స్లైడు తిప్పేస్తాం. అక్కడెందుకు బాగుందో ఎవరూ అడగరు. ఒకసారి నేను పట్టుబట్టి అడిగితే, మా వ్యూహానికీ ఆ ఫలితానికీ సంబంధం లేదని తేలింది. అక్కడి డిస్ట్రిబ్యూటర్ మా లిక్విడ్‌ని గిన్నెల సబ్బుల పక్కన కాకుండా స్క్రబ్బర్ల పక్కన పెట్టించాడు, అంతే. ఆ సంగతి మాకు చెప్పాలని కూడా అతనికి తోచలేదు.

మూడోది, బలహీనంగా ఉన్న ప్రాంతం. మెకెల్‌రాయ్ ఇక్కడ కాస్త ఎక్కువ రాశాడు. అక్కడ గతంలో ఏ ప్రకటనలిచ్చారో, ఏ స్కీములు నడిపారో చరిత్ర చదవాలి. తర్వాత స్వయంగా వెళ్ళాలి. దుకాణదారులతో, వాడేవాళ్ళతో మాట్లాడాలి. జబ్బేమిటో తేల్చుకున్నాక ప్లాన్ రాయాలి. ప్లాన్‌తో పాటు దానికెంత డబ్బు కావాలో అదీ అడగాలి, సరిపడా అడగాలి. ఆ ప్లాన్ ఆ ప్రాంతం చూసే సేల్స్ మేనేజర్‌కి నచ్చజెప్పి, అతనికి కావలసిన సామగ్రి సిద్ధం చేసివ్వాలి. అంతా అయ్యాక మళ్ళీ వెళ్ళి, అనుకున్నది జరిగిందో లేదో రాసిపెట్టుకోవాలి.

మళ్ళీ వెళ్ళడమన్నదే నేను పనిచేసిన చోట్లన్నిటా ఎగిరిపోయే మెట్టు. ప్లాన్ అయిపోయేసరికి కొత్త ప్లాన్ నెత్తి మీద ఉంటుంది, పాతదాని ఫలితం మీద ఎవరికీ ఆసక్తి ఉండదు.

బ్రాండ్ మ్యాన్ ప్రకటనలోని మాటల్ని తప్పుపట్టి ఊరుకోకూడదని, మొత్తం ప్రకటనల ప్లాన్‌కే బాధ్యత వహించాలని కూడా రాశాడు. ప్యాకింగులో ప్రయోగాలూ అతనివే. ఏడాదిలో కొన్నిసార్లు సేల్స్ మేనేజర్లని కలిసి తన ప్లాన్లలో తప్పులేమిటో అడగాలట. మెచ్చుకోళ్ళ కోసం వెళ్ళమనలేదు, గమనించండి.

ఒక్క చోట మాత్రం మెమో మౌనంగా ఉంటుంది. ఈ బ్రాండ్ మ్యాన్‌కి ఎవరి మీదా అధికారం లేదు. ఫ్యాక్టరీ అతని మాట వినక్కర్లేదు, సేల్స్ వినక్కర్లేదు. బాధ్యత మొత్తం అతనిది, అధికారం దాదాపు సున్నా. ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్ళందరూ ఈ మాట మీద నాతో గంటసేపు మాట్లాడగలరు. నా అనుభవంలో అది లోపం కాదు. అధికారం ఉంటే లెక్కలు చూసుకోకుండా ఆర్డర్లు వేస్తాం. లేదు కాబట్టి, పది గదులకి పది రకాల ఋజువులు పట్టుకెళ్ళాలి. బ్రాండు గురించి కంపెనీలో అందరికంటే ఎక్కువ తెలిసినవాడైతే తప్ప ఆ కుర్చీలో బతకలేడు.

డూప్రీ ఒప్పుకున్నాడు. ఒక్కో బ్రాండుకి ఒక్కో టీమ్, ఒకే కంపెనీ బ్రాండ్లు ఒకదానితో ఒకటి పోటీపడే పద్ధతి మొదలైంది. ఒకే ఒరలో రెండు కత్తులెలా ఇముడుతాయన్న అనుమానం అప్పుడూ వచ్చింది, ఇప్పటికీ నా ట్రైనింగ్ క్లాసుల్లో వస్తుంది. జవాబు దుకాణం షెల్ఫులో ఉంది. ఐవరీని వదిలి వెళ్ళే మనిషి ఎలాగూ వెళ్తాడు. వెళ్ళి లక్స్ కొంటాడా, క్యామే కొంటాడా అన్నదొక్కటే కంపెనీ చేతిలో ఉన్న విషయం.

మెకెల్‌రాయ్ తర్వాత 1948లో కంపెనీ ప్రెసిడెంట్ అయ్యాడు, 1957 నుంచి 1959 దాకా ఐసెన్‌హోవర్ ప్రభుత్వంలో రక్షణమంత్రిగా పనిచేశాడు. సబ్బు మెమోతో మొదలైన కెరీర్‌కి అది కాస్త ఎక్కువే.

బ్రాండ్ మేనేజర్‌ని అడిగితే టైడ్ పుట్టేది కాదు

ఇక్కడి దాకా చెప్పి ఆపితే ఇదొక విజయగాథ. మామూలుగా క్లాసుల్లో ఇక్కడే ఆపుతారు. నాకు అసలు కేసు ఇక్కడ మొదలవుతుంది.

కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళలో సబ్బు సరిగా నురగ రాదు. విరిగి తెట్టు కట్టి బట్టకే అంటుకుంటుంది, తెల్లబట్ట బూడిదరంగుకి తిరుగుతుంది. దీనికి విరుగుడుగా కంపెనీ 1933లో డ్రెఫ్ట్ అనే సింథటిక్ డిటర్జెంట్ తెచ్చింది. తెట్టు కట్టదు, నిజమే. కానీ బాగా మాసిన బట్టల మురికి వదల్లేదు. పల్చటి బట్టలకే పనికొచ్చింది.

డిక్ బయర్లీ అనే కెమిస్టు దీన్ని పట్టుకున్నాడు. డిటర్జెంట్‌కి తోడుగా నీళ్ళలోని ఖనిజాలని కట్టడి చేసే పదార్థం కలుపుతారు, బిల్డర్ అంటారు. బిల్డర్ కలిపిన ప్రయోగాలేవీ ఫలించక మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఆ ప్రాజెక్టు వదిలేసినా అతను కొనసాగించాడు. చివరికి పాళ్ళు తిరగేశాడు. డిటర్జెంట్ ఎక్కువ, బిల్డర్ తక్కువ అన్న పాత పద్ధతి వదిలి, బిల్డర్‌గా సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ ఎక్కువ వేసి డిటర్జెంట్ తగ్గించాడు. బట్ట గరుకెక్కకుండా మురికి వదిలింది.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక కంపెనీ పెద్దలకి ఇది చూపించారు. మామూలు పద్ధతి ప్రకారం ముందు పేరు చెప్పకుండా ఇళ్ళలో పరీక్షించాలి, తర్వాత కొన్ని ఊళ్ళలో అమ్మి చూడాలి, ఆపైన దేశమంతా. అలా చేస్తే శాంపిల్ పోటీదారుల చేతికి చిక్కుతుంది. లీవర్, కోల్గేట్ తమ సరుకు తయారుచేసుకుంటారు. మెకెల్‌రాయ్ కూడా ఉన్న ఆ చర్చలో, పరీక్షలు వదిలేసి నేరుగా వెళ్దామని నిర్ణయించారు. టైడ్ 1946లో మార్కెట్లోకి వచ్చింది. కొన్నేళ్ళలోనే అమెరికాలో నంబర్ వన్ అయింది.

టైడ్ దెబ్బ ఎవరికి తగిలిందో చూడండి. అప్పటిదాకా బట్టల సబ్బుల్లో కంపెనీ పెద్దదిక్కు ఆక్సిడాల్. 1933లో రేడియోలో "మా పర్కిన్స్" ధారావాహికని నడిపించింది ఆక్సిడాలే. ఇంటిపని చేసుకుంటూ ఆడవాళ్ళు రోజూ వినే ఆ కథల వల్లే అలాంటి సీరియల్స్‌కి "సోప్ ఒపేరా" అన్న పేరు స్థిరపడింది. అంత పెట్టుబడి పెట్టి పెంచిన బ్రాండుని సొంత కంపెనీయే వెనక్కి నెట్టింది.

ఆక్సిడాల్ బ్రాండ్ మేనేజర్‌ని అడిగుంటే ఏమనేవాడు? నేనైతే ఏమనేవాణ్ణో నాకు తెలుసు. ఇంకా పరీక్షలు కావాలనేవాణ్ణి. ఫ్యాక్టరీల్లో సబ్బు కళాయిల మీద పెట్టిన డబ్బేం కావాలనేవాణ్ణి. ఆ కొత్త ఫార్ములాని ఆక్సిడాల్ పేరు మీదే తెద్దామనేవాణ్ణి. అన్నీ సబబైన మాటల్లాగే ఉండేవి. మెకెల్‌రాయ్ మెమోలో ఎంత వెతికినా, తన బ్రాండుకి కాలం చెల్లిందని బ్రాండ్ మ్యాన్ ఎప్పుడు గుర్తించాలో కనబడదు. కనబడకపోవడం సహజమే. బ్రాండుకి ప్రాణం పెట్టే మనిషినే ప్రాణం తీయమనడం కుదరదు. ఆ పని ఇంకో అంతస్తులో జరగాలి. 1946లో జరిగింది. చాలా కంపెనీల్లో ఆ అంతస్తులో కూర్చునేది ఒకప్పటి పెద్ద బ్రాండు మేనేజరే కాబట్టి జరగదు.

పంపర్స్, క్రెస్ట్, ఒక కోర్టు తీర్పు

కొత్త వస్తువు విషయంలో ఇదే కంపెనీ ఎంత నిదానంగా నడవగలదో పంపర్స్ చెబుతుంది. విక్ మిల్స్ అనే ఇంజినీరు, మనవల గుడ్డలు మార్చీ మార్చీ విసిగి, వాడి పారేసే డైపర్ గురించి ఆలోచించాడు. మొదట డాలస్‌లో పరీక్షించిన రకం ప్లాస్టిక్ నిక్కరులో పెట్టుకునేది. ఎండల్లో పిల్లలు ఉడికిపోయారు, తల్లులు తిప్పికొట్టారు. డిజైన్ మార్చి 1961 చివర్లో పియోరియాలో పది సెంట్లకొకటి అమ్మారు. తల్లులకి నచ్చింది, అయినా అమ్మకాలు లేవు. ఆ ధరకి అది ప్రయాణాల్లో, చుట్టాలింటికి వెళ్ళినప్పుడు వాడే వస్తువు. వేగంగా తయారుచేసే మిషన్లు కట్టుకుని ఆరు సెంట్లకి దించాక శాక్రమెంటోలో నడిచింది. మారింది ధరే, కానీ దానితో వాడకం మారింది, రోజువారీ వస్తువైంది. ప్రకటన మార్చి ఈ ఫలితం తెచ్చుకోవాలని ప్రయత్నించి డబ్బు తగలేసినవాళ్ళని నేను చూశాను. ఆ జాబితాలో నా పేరూ ఉంది.

క్రెస్ట్ సంగతి క్లుప్తంగా. 1955లో ఫ్లోరైడ్ టూత్‌పేస్టుగా వచ్చింది, కంపెనీ తనంతట తాను ఎంత చెప్పినా జనం ఓ మోస్తరుగానే విన్నారు. 1960 ఆగస్టు 1న అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పంటి పుచ్చుని నివారించడంలో దానికి గుర్తింపునిచ్చాక రెండేళ్ళలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఐవరీ నాటి కెమిస్టు అంకె చేసిన పనే ఇక్కడ దంతవైద్యుల సంఘం చేసింది.

ఈ యంత్రాంగం బలమెంతో బయటివాళ్ళు చెప్పిన మాట కావాలంటే 1967 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చదవాలి. 1957లో కంపెనీ క్లోరాక్స్ బ్లీచ్‌ని కొనుక్కుంది. అప్పట్లో ద్రవరూప బ్లీచ్ ఎవరు చేసినా 5.25 శాతం సోడియం హైపోక్లోరైట్, 94.75 శాతం నీళ్ళు. రసాయనపరంగా అన్నీ ఒకటేనని తీర్పులోనే ఉంది. అయినా దేశంలో దాదాపు సగం అమ్మకాలు క్లోరాక్స్‌వే. నీళ్ళలాంటి సరుకుకి కూడా పేరుతోనే ఇంత బలముంటే, దానికి ఈ కంపెనీ ప్రకటనల శక్తి తోడైతే మిగతావాళ్ళు నిలబడలేరని చెప్పి, కోర్టు క్లోరాక్స్‌ని వదులుకోమంది. బ్రాండ్ విలువేమిటని ఎవరైనా వాదనకి దిగితే ఈ తీర్పు చూపిస్తుంటాను.

కుర్చీలు ఎక్కువైనప్పుడు

ప్రతి బ్రాండుకీ ఒక యజమాని ఉంటే, ప్రతి యజమానికీ ఏదో ఒకటి చేసి చూపించాలనుంటుంది. ఆ కుర్చీలో సాధారణంగా రెండు మూడేళ్ళకి మించి ఎవరూ ఉండరు. అంత తక్కువ సమయంలో కనబడే పనులు రెండే, కొత్త రకం తేవడం, డిస్కౌంట్ స్కీమ్ నడపడం. నిమ్మవాసన, లావెండర్, పెద్ద సైజు, చిన్న సైజు, ఇలా పెరుగుతూ పోతాయి. స్కీమ్ నెలలో దుకాణాలు గుట్టలుగా కొంటాయి, తర్వాతి రెండు నెలలు ఆర్డరుండదు. 1920లో డూప్రీ ఏ జబ్బు వదిలించుకోవడానికి హోల్‌సేలర్లని దాటేశాడో, అదే జబ్బు సొంత బ్రాండ్ మేనేజర్ల చేతుల మీదుగా తిరిగొచ్చింది.

పైగా ఒకే కంపెనీ నుంచి టైడ్, చీర్, గెయిన్, బోల్డ్ అంటూ ఒక్కో బ్రాండుకి ఒక్కో వాదన. షెల్ఫులో స్థలం ఎలా సర్దుకోవాలో చెప్పే మనిషి కావాలి దుకాణానికి. 1987లో బ్రాండ్ మేనేజర్ల మీద కేటగిరీ మేనేజర్లని పెట్టారు. డిటర్జెంట్లన్నిటికీ కలిపి లాభనష్టాలు చూసేవాళ్ళన్నమాట. 1990ల మొదట్లో స్కీములు తగ్గించి, రోజూ ఒకే తక్కువ ధర అనే పద్ధతికి మళ్ళారు. కుర్చీ ఉంది గానీ గోడలు ఎత్తు తగ్గాయి.

అయినా కొత్త బ్రాండ్లు చేరుతూనే ఉన్నాయి. చివరికి 2014 ఆగస్టులో అప్పటి సీఈఓ ఏ.జి. లాఫ్లీ, తొంభై నుంచి వంద బ్రాండ్ల దాకా వదిలించుకుంటామని ప్రకటించాడు. ఉంచుకునేవి డెబ్భై, ఎనభై. అమ్మకాల్లో 90 శాతం, లాభాల్లో 95 శాతానికి పైగా వాటి నుంచే వస్తున్నాయని లెక్క చెప్పాడు. ఈ వాక్యాన్ని తిప్పి చదివితే వళ్ళు జలదరిస్తుంది. వందకి దగ్గరైన బ్రాండ్లు, ఒక్కోదానికీ ఒక టీమ్, ప్లాన్లు, రివ్యూలు, అర్ధరాత్రి దాకా స్లైడ్లు. అన్నీ కలిపి లాభంలో ఐదు శాతం కూడా లేవు.

డ్యూరాసెల్ బ్యాటరీలు బర్క్‌షైర్ హాథవేకి వెళ్ళాయి. సౌందర్య సాధనాల్లో నలభైకి పైగా బ్రాండ్లు కోటీ కంపెనీకి వెళ్ళాయి. ఆక్సిడాల్ ఈ జాబితాలో లేదు, దాన్ని 2000 నాటికే అమ్మేశారు. 2014 డిసెంబరులో మాత్రం ఇంకో ప్రకటన వచ్చింది. క్యామేని అమ్ముతున్నారు. కొంటున్నది యూనిలీవర్, అంటే లక్స్‌వాళ్ళు. ఐవరీ కంపెనీలోనే ఉండిపోయింది.

నా గిన్నెల లిక్విడ్ సంగతి. నేను చేరిన రెండేళ్ళకి దాన్ని ఆపేశారు. ఆపొద్దంటూ నేను నాలుగు పేజీల నోటు రాశాను. చాలా బాగా రాశానని అప్పట్లో నాకు పేరొచ్చింది కూడా. ఇప్పటికీ దాచుకున్నాను. మెకెల్‌రాయ్ మెమో చదివించాక కొత్తవాళ్ళ చేతికి దాన్నీ ఇచ్చి, ఏం తక్కువైందో చెప్పమంటాను. మూడో పేజీ దాకా వెళ్ళేసరికి ఎవరో ఒకరు మొహమాటపడుతూ చెయ్యెత్తుతారు. నాలుగు పేజీల్లో ఎక్కడా ఒక్క షిప్‌మెంట్ అంకె లేదని.